మాల్‌లో ఫొటో తీశాను, గదిలో కూర్చోబెట్టారు

పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహాలు

ప్రశ్న: మా సొంత ఊరు ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. పోయిన నెల అమ్మానాన్నలు వస్తే, ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటికి దగ్గరలో ఉన్న పెద్ద మాల్‌కు తీసుకువెళ్ళాను. ఎస్కలేటర్ ఎక్కడానికి అమ్మ జంకింది. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకొని, రెండో చేత్తో నాన్న చొక్కా వెనక కొస గుప్పిట్లో బిగించి, కదులుతున్న మెట్టుమీద కాలు పెట్టాలా వద్దా అని చూస్తూ నిలబడిపోయింది. నాకు ముచ్చటేసి, మెడలో ఉన్న పెద్ద కెమెరాతో నాలుగైదు ఫొటోలు తీశాను. ఒక గార్డు వచ్చి 'ఫోటో తెగీబేడి సార్' (తీయకండి సార్) అని కన్నడంలో మర్యాదగానే చెప్పాడు. వీళ్ళు మా అమ్మానాన్నలేనని అతనికి చూపించబోతుండగా, సూపర్‌వైజరు ఒకతను వచ్చి హిందీలో గద్దిస్తూ కెమెరా పట్టీ పట్టుకొని లాగాడు. వాళ్ళిద్దరినీ అక్కడే వదిలేసి, నన్ను కింద పార్కింగ్ పక్కనున్న చిన్న గదికి తీసుకుపోయారు. వెళ్ళిపోతానంటే తలుపుకు అడ్డంగా మనిషి నిలబడ్డాడు. నలభై నిమిషాలు కూర్చోబెట్టి, కెమెరాలో ఉన్న ఫొటోలన్నీ నాచేతనే తీసేయించి, 'అనుమతి లేకుండా ఫొటోలు తీసినందుకు క్షమించగలరు' అని కాగితం రాయించుకొని, నా ఆధార్ కార్డును ఆ సూపర్‌వైజరు తన సొంత ఫోనుతో ఫొటో తీసుకొని అప్పుడు వదిలాడు. పోయిన వాటిలో ఊళ్ళో మా తాతగారి సంవత్సరీకం నాటి ఫొటోలు కూడా ఉన్నాయి. చుట్టూ అందరూ ఫోన్లతో సెల్ఫీలు తీసుకుంటూనే ఉన్నారు. లోపలికి వచ్చేచోట బోర్డు ఉందో లేదో నేను గమనించలేదు. నేను చేసింది నేరమా? వాళ్ళు చేసింది చెల్లుతుందా? ఇప్పుడు నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: చట్టం సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ మెమరీ కార్డును కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి. కెమెరాలో ఫొటోను డిలీట్ చేసినప్పుడు సాధారణంగా బొమ్మ వెంటనే చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అయిందని కార్డు గుర్తుపెట్టుకుంటుంది, అంతే. ఆ చోటులో కొత్త ఫొటో వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది కనుక, ఆ కార్డుతో మీరు ఇంకా ఏమీ తీయకుండా ఉంటే, ఫొటోలు వెనక్కి రప్పించే సాఫ్ట్‌వేర్‌తో తాతగారి సంవత్సరీకం నాటివి దొరికే అవకాశం చాలా ఉంది. మీకు చేతకాకపోతే ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో ఆ పని చేసిపెట్టేవాళ్ళు ఉంటారు. ఇవి ఫోనుతో తీసినవయితే పని ఇంకా సులువు, చాలా ఫోన్లలో తీసేసిన ఫొటోలు ముప్పై రోజులపాటు వేరే సంచిలో కూర్చొని ఉంటాయి. ఫొటోలు తీసేయించి గెలిచామనుకునే సూపర్‌వైజర్లకు ఈ సంగతి తెలిసినట్టు లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు చేసింది నేరం కాదు. మాల్‌లో తన తల్లిదండ్రుల ఫొటో తీసుకోవడాన్ని నేరంగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. వెనక కనిపించే కట్టడం గురించి, అలంకారం గురించి ఎవరైనా కాపీరైటు మాట ఎత్తితే, అదీ నిలవదు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్, కట్టడాల ఫొటోలనూ, జనం రాకపోకలున్న ఆవరణల్లో శాశ్వతంగా ఉంచిన శిల్పాల ఫొటోలనూ ఉల్లంఘన కిందికి రాకుండా ప్రత్యేకంగా మినహాయించింది.

అయితే నేరం కాకపోవడం వేరు, హక్కు ఉండడం వేరు. ఇక్కడే చాలామంది తడబడతారు. మాల్ చూడడానికి బజారులా ఉన్నా అది ఒకరి సొంత ఆస్తి. మనం లోపలికి వెళ్ళేది యజమాని ఇచ్చిన అనుమతి మీద. ఇలాంటి అనుమతిని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం లైసెన్సు అంటుంది. ఇచ్చినవారు దానికి షరతులు పెట్టవచ్చు, సాధారణంగా వెనక్కి తీసుకోనూ వచ్చు. మన పెళ్ళిపందిట్లోకి వచ్చినవాళ్ళను 'ఇక్కడ ఫొటోలు తీయకండి' అని మనం అనగలిగినట్టే, మాల్ వాళ్ళూ అనగలరు. బోర్డు ఉంటే ఆ షరతు ముందే చెప్పినట్టు. బోర్డు లేకపోతే, గార్డు వచ్చి చెప్పిన క్షణం నుంచి అది మీకు వర్తిస్తుంది. అంటే మొదటి గార్డు 'తెగీబేడి' అన్నంతవరకూ మాల్ వైపు న్యాయం ఉంది. అప్పటికి మీరు తీసిన నాలుగైదు ఫొటోలు మాత్రం, ఎవరూ వద్దనక ముందు తీసినవి కాబట్టి, ఏ షరతునూ మీరిన ఫొటోలు కావు.

వద్దన్న తర్వాత కూడా తీస్తూ ఉంటే మాల్ చేయగలిగింది ఒక్కటే: 'బయటికి వెళ్ళండి' అనడం. వెళ్ళమన్నాక కూడా కదలకుండా గొడవకు దిగితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశమని ఫిర్యాదు చేయవచ్చు. దానికి శిక్ష మూడు నెలల వరకూ జైలు, లేదా రూ.5,000 వరకూ జరిమానా, లేదా రెండూ. అక్కడ కూడా ఊరికే నిలబడడం సరిపోదు. నేరం చేయాలనో, ఎదుటివారిని బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉందని చూపించాలి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే వ్యవహారం అంతవరకూ రానే లేదు.

యజమాని ఇష్టానికి కూడా ఒక హద్దు ఉందని బెంగళూరువాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2024 జూలైలో మాగడి రోడ్డులోని ఒక మాల్‌లో, కొడుకుతో సినిమాకు వచ్చిన ఒక వృద్ధ రైతును పంచె కట్టుకున్నాడని లోపలికి రానివ్వకపోతే, కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూసివేయించింది. ఫొటోల నిషేధాన్ని నేను దానితో సమానం చేయడం లేదు, ఫొటోలు వద్దనడంలో ఎవరి పరువూ పోదు. కానీ 'మా మాల్, మా ఇష్టం' అనేది ఎల్లకాలం చెల్లే మాట కాదని ఆ వారం రోజుల్లో తేలింది.

అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే మిమ్మల్నే ఎందుకు ఆపారన్నది న్యాయమైన అనుమానం. దానికి కారణం మీ మెడలోని కెమెరా. ఫోనుతో తీసుకున్న సెల్ఫీ మాల్‌కు ఉచిత ప్రచారం. పెద్ద కెమెరా కనిపిస్తే అది వ్యాపార షూటింగ్ కావచ్చనీ, దానికి ముందుగా అనుమతి పత్రమూ అద్దె సొమ్మూ రావాలనీ అనుకుంటారు. అద్దాల వెనకున్న కొత్త బట్టల నమూనాలను పోటీ దుకాణాలవాళ్ళు తీసుకుపోతారన్న భయం ఇంకొకటి. వీటికితోడు భద్రత ఉంది. 2008లో జూలైలో బెంగళూరు వరుస పేలుళ్ళు, నవంబరులో ముంబయి దాడి జరిగాక గుమ్మాల దగ్గర సంచులు వెతకడం మనకు అలవాటయింది. 2013 సెప్టెంబరులో నైరోబీలో ఒక షాపింగ్ మాల్ మీదే ఉగ్రవాదులు దాడి చేసి 67 మందిని చంపాక, మెట్లూ తలుపులూ కెమెరాలూ ఎక్కడెక్కడున్నాయో ఎవరైనా ఫొటో తీస్తుంటే గార్డుకు గుండె ఝల్లుమనడంలో వింత లేదు. ఎస్కలేటర్ ముందు చీర కుచ్చిళ్ళు పట్టుకొని నిలబడ్డ అమ్మగారిని చూసి ఝల్లుమనడమే కొంచెం వింత.

ఇప్పుడు రెండో ప్రశ్న. సూపర్‌వైజరు చేసిన పనులు ఒక్కొక్కటీ విడిగా చూడాలి, ఎందుకంటే వాటిలో ఏ ఒక్కదానికీ చట్టం అండ లేదు. ప్రైవేటు గార్డుకు ఎంత మెరిసే బిల్ల ఉన్నా, మామూలు పౌరుడికి లేని అధికారం ఏదీ అతనికి లేదు. పైగా, పోలీసుల దుస్తులను పోలిన యూనిఫాం వేసుకుంటే, 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 21వ సెక్షన్ కింద అదే నేరం.

మీ మెడలో ఉన్న కెమెరా పట్టీని లాగడం మీ మీద బలప్రయోగమే. మనిషి ఒంటిమీదున్న, చేతిలో ఉన్న వస్తువును తాకి లాగినా బలప్రయోగం కిందికి వస్తుందని చట్టంలోనే ఉంది. న్యాయ సంహిత 131వ సెక్షన్ దానికి మూడు నెలల వరకూ జైలు గానీ, రూ.1,000 వరకూ జరిమానా గానీ, రెండూ గానీ చెబుతుంది. మీరు వెళ్ళదలచిన వైపు వెళ్ళనీయకపోవడం 126వ సెక్షన్ కింద అక్రమ అడ్డగింత. తలుపుకు అడ్డంగా మనిషిని నిలబెట్టి నలభై నిమిషాలు గదిలో ఉంచడం అంతకంటే పెద్దది, 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. దానికి ఏడాది వరకూ జైలు, లేదా రూ.5,000 వరకూ జరిమానా, లేదా రెండూ. గొళ్ళెం పెట్టలేదనో, కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చామనో వాళ్ళు అనవచ్చు. దానివల్ల తేడా ఏమీ రాదు, వెళ్తానన్న మనిషిని వెళ్ళనివ్వలేదన్నదే చూస్తారు.

మామూలు పౌరుడు కూడా కొన్ని సందర్భాల్లో ఒకరిని పట్టుకోవచ్చన్నది నిజమే. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ ప్రకారం, తన కళ్ళెదుట బెయిలు ఇవ్వదగని, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగితేనో, ఎదుటివాడు పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన నేరస్థుడైతేనో పట్టుకొని, ఆలస్యం చేయకుండా, ఎంత లేటయినా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అమ్మానాన్నల ఫొటో తీయడం ఈ లెక్కలో ఎక్కడా చేరదు. నిజంగానే అనుమానం ఉంటే సూపర్‌వైజరు 112కు ఫోను చేసి ఉండాల్సింది. చేయకుండా మీచేత కాగితం రాయించుకున్నాడంటే, పోలీసులు వస్తే తన వాదన నిలవదని అతనికీ తెలుసునని నేను అనుకుంటాను.

ఫోనునో కెమెరానో తెరిచి చూపించమనడానికి, ఫొటోలు తీసేయమనడానికి కూడా గార్డుకు అధికారం లేదు. అడగవచ్చు; మీరు కాదనవచ్చు. నా మటుకు నేనైతే, ఫొటోలో పరాయి ఆడవాళ్ళో పిల్లలో దగ్గరగా పడి, వాళ్ళే వచ్చి వద్దంటే, గార్డు చెప్పకముందే తీసేస్తాను. అది మర్యాద. గద్దించి తీసేయించడం వేరు. మీరు రాసిచ్చిన క్షమాపణ కాగితం గురించి భయపడకండి. బలవంతం కింద రాసినదని మీరు చెబితే దాని విలువ అక్కడితో సరి; పైగా ఆ కాగితం మీద తేదీ, సమయం ఉంటే మిమ్మల్ని ఆ గదిలో ఉంచినట్టు అదే సాక్ష్యం.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆధార్ సంగతి. ఫొటోలు తీయవద్దన్న మనిషే మీ గుర్తింపు పత్రాన్ని తన సొంత ఫోనులో ఫొటో తీసి ఇంటికి పట్టుకుపోయాడు. ఆధార్ ఆధారంగా గుర్తింపు అడిగేందుకు ప్రైవేటు సంస్థలకు దారి ఇచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో కొట్టివేసింది. మాల్ గార్డు ఆధార్ అడిగితే ఇవ్వనక్కరలేదు. పేరు చెప్పడం వరకూ చాలు, అదీ మీ ఇష్టం మీదే.

ఇక ఏం చేయాలన్నది. మాల్ యాజమాన్యానికి, ఆ సెక్యూరిటీ ఏజెన్సీకి ఒకే ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపండి. జరిగింది తేదీ, సమయంతో సహా నాలుగు వాక్యాల్లో రాసి, మీ ఆధార్ ఫొటోను నాశనం చేసినట్టు రాతపూర్వకంగా తెలపమనండి. ఏజెన్సీ లైసెన్సు వివరాలు కూడా అడగండి. 2005 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏ ఏజెన్సీ కాపలా పని చేయకూడదు, సిబ్బందికి శిక్షణ ఇప్పించి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వాలి. లైసెన్సును ఆపివేసే, రద్దు చేసే అధికారం రాష్ట్రంలోని నియంత్రణాధికారికి ఉంది. ఆయనకు ఒక ప్రతి పంపుతున్నట్టు ఉత్తరం కింద రాస్తే, జవాబు త్వరగా వస్తుంది.

ఆలస్యం చేయకూడనిది ఒకటుంది. 2017 కర్ణాటక ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, వాటి దృశ్యాలను ముప్పై రోజులపాటు భద్రపరచాలని, పోలీసులు అడిగితే ఇవ్వాలని చెబుతుంది. ఎస్కలేటర్ దగ్గర మీ పట్టీ లాగిన దృశ్యం అందులో ఉండి ఉంటుంది. పోయిన నెల అన్నారు కాబట్టి ఇప్పటికే రోజులు దగ్గరపడి ఉంటాయి. ఆ దృశ్యాలు చెరిపేయవద్దని యాజమాన్యానికి రాయడంతోపాటు, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, వాటిని తెప్పించమని అందులోనే కోరండి. 126, 127 సెక్షన్ల నేరాల్లో పోలీసులు కోర్టు అనుమతి కోసం చూడకుండా కేసు నమోదు చేయవచ్చు, మీరు ఏ స్టేషనుకు వెళ్ళినా తీసుకోవాలి. తీసుకోకపోతే సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం డీసీపీకి పోస్టులో పంపవచ్చు, అప్పటికీ కాకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఇంత దూరం వెళ్ళాలా అంటే, నా అభిప్రాయం ఇది. ఆ మొదటి గార్డు మీద ఫిర్యాదు వద్దు; అతను తన పని మర్యాదగా చేశాడు, రోజంతా నిలబడి ఉండే ఉద్యోగం అతనిది. సూపర్‌వైజరు పేరు, గది సంగతి, ఆధార్ సంగతి మాత్రం ఫిర్యాదులో తప్పక ఉండాలి. మీరు వదిలేస్తే, వచ్చే ఆదివారం ఆ గదిలో ఇంకొకరు కూర్చుంటారు.

ప్రశ్న: చెన్నైలో వేళచ్చేరి వైపు ఒక మాల్‌లో నేనూ మా అమ్మాయీ భోజనం చేస్తుంటే, పక్క బల్ల దగ్గర ఒకతను ఫోను నిలువుగా పట్టుకొని మమ్మల్నే తీస్తున్నాడనిపించింది. గార్డుకు చెబితే, 'మేమేం చేయలేం అమ్మా, పబ్లిక్ ప్లేస్' అన్నాడు. అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: నిజం కాదు, పైగా అతను తప్పించుకోవడానికి అన్న మాట. మొదటి జవాబులో చెప్పిన షరతుల అధికారమే ఇక్కడా ఉంది. అనుమానం వచ్చిన మనిషిని ఫొటోలు ఆపమని, కాదంటే బయటికి వెళ్ళమని గార్డు అప్పటికప్పుడే అనగలడు. అమ్మానాన్నల ఫొటో తీసుకునేవాళ్ళ మీద అంత చురుకుగా పనిచేసే ఈ అధికారం, ఆడవాళ్ళు వచ్చి చెప్పినప్పుడు మాత్రం ఎందుకు నిద్రపోతుందో నాకు అర్థం కాదు.

నేరం సంగతికి వస్తే, స్త్రీ గౌరవాన్ని అవమానించే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడితే న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకూ సాధారణ జైలు, జరిమానా ఉన్నాయి. ట్రయల్ రూముల్లో, టాయిలెట్లలో తీయడం 77వ సెక్షన్ కిందికి, 2000 ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కిందికి వచ్చే నేరం. తమిళనాడులో 1998 నుంచి మహిళల వేధింపు నిషేధ చట్టం కూడా ఉంది. భోజనం బల్ల దగ్గర దూరంనుంచి తీసిన ఒక్క ఫొటో వీటిలో ఎంతవరకూ ఇముడుతుందన్నది అతను ఏం తీశాడు, ఎలా తీశాడు, వద్దన్నాక ఏం చేశాడు అన్నదాని మీద ఉంటుంది. అందుకే గొంతు పెంచి 'తీయకండి' అని నలుగురూ వినేలా చెప్పండి; ఆ తర్వాత కూడా తీస్తే ఉద్దేశం దాచుకోవడం అతనికి కష్టం. వెంటనే 112కు గానీ మహిళల కోసమున్న 181కు గానీ ఫోను చేయండి, గార్డుచేత సమయం రాయించండి.

గార్డులు అతన్ని పట్టుకుపోయి గదిలో పెట్టి ఫోను లాక్కోవాలని మీకు అనిపించవచ్చు. మారతహళ్ళి పాఠకుడి విషయంలో గార్డుకు లేని ఆ అధికారం ఇక్కడ మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఫోనులో ఏముందో చూడవలసింది పోలీసులు. పైగా గార్డు చేతిలో ఆ వీడియో చెరిగిపోతే, నష్టపోయేది మీ కేసే.

ప్రశ్న: మాల్‌లోని సూపర్‌మార్కెట్‌లో ఒక డబ్బా మీద ముద్రించిన ధర ఒకటి, అరలో తగిలించిన ధర ఇంకొకటి ఉంటే ఫొటో తీశాను. సిబ్బంది అడ్డుపడ్డారు. తీయకూడదా?
– ఒక పాఠకుడు, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: దుకాణం వద్దనవచ్చు, మీరు దానిమీద వాదనకు దిగనక్కరలేదు. ప్యాక్ చేసిన సరుకుల మీద గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ముద్రించాలన్నది 2011 నాటి తూనికలు కొలతల నిబంధన. ఆ ధర కంటే ఎక్కువ తీసుకోవడం తప్పు. సాక్ష్యం కావాలంటే ఆ డబ్బా కొని, బిల్లు తీసుకొని, దుకాణం గుమ్మం దాటాక డబ్బానూ బిల్లునూ పక్కపక్కన పెట్టి తీయండి. అప్పుడు ఆ డబ్బా మీ సొంతం, అడ్డుపడడానికి ఎవరూ ఉండరు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.